మూడు మ్యాచ్‌ల గోల్‌కీపర్, నాలుగు సెంట్ల కోర్టు

1999 మే 8. స్కాట్లాండ్ సరిహద్దుకి దగ్గర్లో ఉండే కార్లైల్ అనే ఇంగ్లండ్ పట్నంలో సీజన్ ఆఖరి మ్యాచ్. ప్లిమత్ జట్టు మీద స్కోరు 1-1. గెలిస్తే కార్లైల్ యునైటెడ్ ఫుట్‌బాల్ లీగ్‌లో ఉంటుంది. గెలవకపోతే 1928 నుంచి ఉన్న చోటు పోతుంది. ఇంజురీ టైమ్, అంటే మధ్యలో ఆట ఆగినందుకు చివర్లో కలిపే నిమిషాలు కూడా అయిపోవచ్చాయి, ఒక్క కార్నర్ కిక్ మిగిలింది. గోల్‌కీపర్ జిమ్మీ గ్లాస్ తన గోల్‌ని ఖాళీగా వదిలేసి అవతలి చివరికి పరిగెత్తాడు. కార్నర్ నుంచి వచ్చిన బంతిని ఒకతను తలతో కొట్టాడు. ప్లిమత్ కీపర్ ఆపాడు. అది తిరిగొచ్చి సరిగ్గా గ్లాస్ ముందు పడింది. కుడికాలితో లాగి కొట్టాడు, బంతి వలలో పడింది. జనం గోడలు దూకి మైదానంలోకి వచ్చేశారు.

గ్లాస్ అసలు ఆ క్లబ్ మనిషి కూడా కాదు. స్విండన్ క్లబ్ నుంచి లోన్ మీద, అంటే కొన్నాళ్ళకి అరువుగా వచ్చాడు. కార్లైల్ తరఫున ఆడింది మొత్తం మూడే మూడు మ్యాచ్‌లు. తర్వాత చెప్పుకోదగ్గ కెరీర్ ఏమీ లేదు, కొన్నాళ్ళు టాక్సీ కూడా నడిపాడు. అయినా పాతికేళ్ళు దాటాక కూడా కార్లైల్ అభిమానుల్ని మీ క్లబ్ గురించి చెప్పమంటే మొదట వచ్చే పేర్లలో అతని పేరు ఉంటుంది.

ఇలాంటి ఆటగాణ్ణే ఫుట్‌బాల్ అభిమానులు కల్ట్ హీరో అంటారు. రికార్డుల పుస్తకం తీస్తే ఈ పేర్లు కింది వరుసల్లో కూడా కనిపించకపోవచ్చు. ఎక్కువ గోల్స్ కొట్టినవాడు, ఎక్కువ కప్పులు ఎత్తినవాడు, ఎక్కువ ధర పలికినవాడు వేరే ఉంటారు. వాళ్ళని లోకమంతా గుర్తుపెట్టుకుంటుంది. కల్ట్ హీరోని గుర్తుపెట్టుకునే పని మాత్రం ఆ క్లబ్ అభిమానులదే. వాళ్ళు మానేస్తే ఆ పేరు ఇక ఎక్కడా ఉండదు. ఈ తేడాని పట్టుకుని చూస్తే గోదావరి డెల్టాలో ఫుట్‌బాల్ అభిమానం ఎందుకు ఒక చోట ఆగిపోతోందో కూడా అర్థమవుతుంది.

మాంచెస్టర్ సిటీనే తీసుకోండి. 2012 మే 13న సెర్జియో అగ్వెరో ఇంజురీ టైమ్‌లో కొట్టిన గోల్‌తో ఆ క్లబ్ 44 ఏళ్ళ తర్వాత ఇంగ్లండ్ లీగ్ టైటిల్ గెలిచింది. ఆ గోల్ చూడని ఫుట్‌బాల్ ప్రేక్షకుడు అరుదు. సిటీ పాత అభిమానులతో మాట కలిపితే మాత్రం వాళ్ళు దానికంటే ముందు ఇంకో గోల్ దగ్గరికి తీసుకెళ్తారు. 1999 మే 30, వెంబ్లీ. సిటీ అప్పుడు మూడో అంచె లీగ్‌లో ఉంది. పైకి వెళ్ళడానికి ప్లే-ఆఫ్ ఫైనల్, ఎదురుగా జిలింగ్‌హామ్. తొంభయ్యో నిమిషం దాకా 0-2. చాలామంది అభిమానులు ఇక చూడలేక స్టేడియంలోంచి బయటికి వెళ్ళిపోయారు. కెవిన్ హార్లాక్ ఒకటి కొట్టాడు. 95వ నిమిషంలో పాల్ డికోవ్ రెండోది కొట్టాడు. వెళ్ళిపోయినవాళ్ళు కేకలు విని వెనక్కి పరిగెత్తుకొచ్చారు. పెనాల్టీల్లో సిటీ గెలిచింది. డికోవ్ గోల్ కొట్టింది ఎవరి మీదంటే, తన పెళ్ళిలో తోడు పెళ్ళికొడుకుగా నిలబడిన విన్స్ బార్ట్రమ్ మీద. ఆ రోజు జిలింగ్‌హామ్ కీపర్ అతనే.

డికోవ్ పొట్టి మనిషి, గొప్ప నైపుణ్యం ఉన్నవాడని ఎవరూ అనలేదు. డిఫెండర్ల వెంటపడి వాళ్ళకి ఊపిరి ఆడకుండా చేసే రకం. కానీ ఆ గోల్ పడకపోతే అగ్వెరో దాకా కథ వచ్చేదే కాదని సిటీ పాతకాపులు గట్టిగా వాదిస్తారు. వాదన నిజమో కాదో తేల్చడం ఎవరి వల్లా కాదు. గమనించాల్సింది అందులో ఉన్న హక్కు. అగ్వెరో గోల్ గురించి ఎవరైనా మాట్లాడొచ్చు. డికోవ్ గోల్ గురించి మాట్లాడాలంటే క్లబ్ మూడో అంచెలో ఉన్నప్పుడు కూడా టికెట్ కొని వెళ్ళి ఉండాలి, కనీసం వెళ్ళినవాళ్ళ పక్కన కూర్చుని విని ఉండాలి. సినిమాలో హీరో ఎంట్రీకి ఈల అందరూ వేస్తారు. ఒక్క సీన్‌లో కనిపించే క్యారెక్టర్ ఆర్టిస్టుకి ఈల వేసినవాడు ఆ సినిమాని రెండో వారం, మూడో వారం చూసినవాడని హాల్లో అందరికీ తెలిసిపోతుంది.

భీమవరం, కాకినాడ, అమలాపురం వీధుల్లో ఇప్పుడు ఆకాశనీలం సిటీ జెర్సీలు, ఎర్ర లివర్‌పూల్ జెర్సీలు బాగానే కనిపిస్తున్నాయి. వాళ్ళలో ఎక్కువమందికి సిటీకి గోల్స్ కొట్టే హాలండ్ తెలుసు, అక్కడే ఏళ్ళ తరబడి ఆడిన డి బ్రూయ్నా తెలుసు. డికోవ్ తెలియడు. దాన్ని తప్పుపట్టాల్సిన పనిలేదు. అభిమానం టీవీలోంచి, ఫోన్‌లోంచి వచ్చినప్పుడు స్టార్ ముందు వస్తాడు. హైలైట్స్‌లో గోల్ ఉంటుంది కానీ ఆ గోల్ ముందు నలభై మ్యాచ్‌ల విసుగు ఉండదు. కల్ట్ హీరో పుట్టేది ఆ విసుగులోంచే. వారం వారం ఓడిపోతున్న జట్టుని చూస్తూ, ఈ ఒక్కడైనా పరిగెడుతున్నాడు కదా అనుకున్న చోట అతని మీద ప్రేమ మొదలవుతుంది.

అయితే దూరం నుంచి చూసేవాళ్ళకి కల్ట్ హీరో దక్కడని కాదు. డెల్టాలో ఉన్న లివర్‌పూల్ అభిమానులకి ఆ జట్టు స్ట్రైకర్ డివాక్ ఒరిగి దక్కాడు. 2018 డిసెంబర్‌లో ఎవర్టన్ మీద 96వ నిమిషం. లివర్‌పూల్ డిఫెండర్ వాన్ డైక్ కొట్టిన బంతి దారి తప్పి గాల్లోకి లేచింది, ఎవర్టన్ కీపర్ పిక్‌ఫోర్డ్ దాన్ని క్రాస్‌బార్ మీద నుంచి సరిగ్గా నెట్టలేకపోయాడు, ఒరిగి తల ఆనించాడు. లీగ్‌లో చాలాకాలంగా ఆడే అవకాశమే రాని మనిషి అతను. 2019 మే నెలలో చాంపియన్స్ లీగ్ సెమీఫైనల్. బార్సిలోనా దగ్గర మొదటి మ్యాచ్ 0-3తో పోయింది. రెండో మ్యాచ్‌కి జట్టు స్టార్లలో సలా లేడు, ఫిర్మినో లేడు. మన టైమ్ ప్రకారం అర్ధరాత్రి పన్నెండున్నరకి మొదలైంది. అలాంటి వేసవి రాత్రుళ్ళలో ఇక్కడ మ్యాచ్ చూసే తీరు ఒకటి ఉంది. కింద ఉక్కపోత, ఇంట్లోవాళ్ళు లేస్తారని భయం. డాబా మీద చాప వేసుకుని, నీళ్ళ ట్యాంకు గోడకి ఫోన్ ఆనించి, సౌండ్ బాగా తగ్గించి ముగ్గురు నలుగురు తలలు దగ్గర పెట్టుకుని చూస్తారు. గోల్ పడితే అరవడానికి లేదు, పక్కవాడి భుజం గట్టిగా పట్టుకోవడమే. ఆ రాత్రి ఏడో నిమిషంలో ఒరిగి, తర్వాత వైనాల్డమ్ రెండు. 79వ నిమిషంలో అలెగ్జాండర్-ఆర్నాల్డ్ కార్నర్ దగ్గర్నుంచి పక్కకి వెళ్ళిపోతున్నట్టు కదిలి, చటుక్కున వెనక్కి తిరిగి బంతి వేసేశాడు. బార్సిలోనావాళ్ళు ఇంకా సర్దుకోలేదు. ఒరిగి ఒక్కడే చూస్తున్నాడు. 4-0. రెండు మ్యాచ్‌ల గోల్స్ కలిపితే 4-3, లివర్‌పూల్ ఫైనల్‌కి వెళ్ళింది. జూన్ 1న మాడ్రిడ్‌లో టాటెన్‌హామ్ మీద ఫైనల్లో 87వ నిమిషంలో రెండో గోల్ కూడా అతనిదే.

అంత చేసినా ఒరిగి ఎప్పుడూ మొదటి పదకొండుమందిలో ఖాయమైన మనిషి కాలేదు. 2022లో మిలాన్ వెళ్ళిపోయాడు. సలా గోల్స్ ముందు అతని గోల్స్ లెక్కలోకి రావు. కానీ ఆ డాబాల మీద కూర్చున్నవాళ్ళకి ఒరిగి పేరు చెబితే ముఖం వెలుగుతుంది, ఎందుకంటే ఆ పేరుతో పాటు పక్కన కూర్చున్నవాడు కూడా గుర్తొస్తాడు. దూరం అడ్డు కాదనడానికి ఇదే రుజువు. ఆ క్షణాన్ని కలిసి చూసినవాళ్ళు ఉండాలి, తర్వాత కలిసి చెప్పుకునే అవకాశం ఉండాలి. ఈ రెండూ ఉంటే లివర్‌పూల్ నుంచి ఇక్కడికి ఎన్ని వేల కిలోమీటర్లన్నది పెద్ద విషయం కాదు.

ఫుట్‌బాల్ పట్టనివాళ్ళకి ఇదే విషయం క్రికెట్‌లో ఇంకా తేలిగ్గా కనిపిస్తుంది. హనుమ విహారి పుట్టింది కాకినాడలో. 2021 జనవరి 11న సిడ్నీలో తొడ కండరం పట్టేసి పరుగు తీయలేని స్థితిలో 161 బంతులు ఆడి 23 నాటౌట్‌గా నిలిచాడు. అవతల అశ్విన్ 128 బంతులకి 39. ఇద్దరూ దాదాపు 43 ఓవర్లు నిలబడి మ్యాచ్‌ని డ్రా చేశారు. 2023లో ఇండోర్‌లో మధ్యప్రదేశ్ మీద రంజీ క్వార్టర్ ఫైనల్లో ఆంధ్ర కెప్టెన్‌గా మణికట్టు విరిగాక మళ్ళీ క్రీజులోకి వచ్చాడు. కుడిచేతి బ్యాట్స్‌మన్ అయ్యుండి, ఎడమచేతివాటంగా తిరిగి నిలబడి ఆడాడు. ఆ మ్యాచ్ ఆంధ్ర ఓడిపోయింది. గణాంకాల ప్రకారం చూస్తే 23 పరుగులు, ఒక ఓటమి. చూసినవాళ్ళ లెక్క ఇంకోలా ఉంటుంది. దెబ్బ తగిలాక కూడా లేచి వచ్చిన మనిషి విషయంలో అభిమానులు స్కోరు అడగరు. ఏ ఆటలోనైనా, ఏ దేశంలోనైనా ఇది మారదు. ఫుట్‌బాల్‌లో కేరళ బ్లాస్టర్స్ క్లబ్ అభిమానులు 2014 నుంచి ఇయాన్ హ్యూమ్‌ని నెత్తిన పెట్టుకోవడంలో ఇది కూడా ఉంది. 2008లో ఇంగ్లండ్‌లో ఆడుతుండగా ప్రత్యర్థి మోచెయ్యి తగిలి పుర్రె పగిలినవాడు అతను. ఆ మచ్చతోనే మళ్ళీ బంతికి తల పెట్టాడు.

మరి డెల్టాకి సొంత ఫుట్‌బాల్ కల్ట్ హీరోలు ఎందుకు లేరు? మనవాళ్ళకి ఆట పట్టదనేస్తే అది చాలా పొరపాటు. సంక్రాంతికి ఏ ఊరి టోర్నమెంటుకైనా వెళ్ళి చూస్తే తెలుస్తుంది. కబడ్డీలోనో వాలీబాల్‌లోనో ఎప్పుడో ఆడిన ఆటగాడి పేరు మీద ఇప్పటికీ రెండు బ్యాచ్‌లు వాదించుకుంటూ ఉంటాయి. అసలు కారణాల్లో ఒకటి నేల. ఫుట్‌బాల్ మైదానం కొలత 105 మీటర్లు, 68 మీటర్లు. అంటే ఎకరం డెబ్బై ఆరు సెంట్లు, అదీ గోల్స్ వెనకా, లైన్ల పక్కనా వదలాల్సిన జాగా కలపకుండా. ఇక్కడ అంత నేల ఒక్క మడిలా, గట్టు లేకుండా, ఖాళీగా దొరకడం కష్టం. సార్వా, అంటే తొలి పంట వరి కోశాక కొద్ది రోజులకే రెండో పంట దాళ్వాకి నీళ్ళు పెడతారు. దాళ్వా అయ్యాక కాలువలు కట్టేస్తే చేలు ఎండి నెర్రెలు విచ్చుతాయి, వరి దుబ్బుల మధ్య కాలు మడత పడుతుంది. కుర్రాళ్ళు అక్కడ క్రికెట్ ఆడతారు, పిచ్ ఒక్కటి చదును చేసుకుంటే చాలు కాబట్టి. ఉండి, ఆకివీడు వైపు చేలు కాస్తా చెరువులైపోయాయి. కోనసీమలో కొబ్బరితోటలు. వాలీబాల్ కోర్టు అంటారా, 18 మీటర్లు, 9 మీటర్లు. సరిగ్గా నాలుగు సెంట్లు. రెండు సరుగుడు కర్రలు పాతి నెట్ కడితే కొబ్బరిచెట్ల మధ్య కూడా సరిపోతుంది. కబడ్డీకి అంతకంటే తక్కువ చాలు. డెల్టా ఏ ఆటకి మనసిచ్చిందో చాలావరకు నేలే నిర్ణయించింది.

రెండో కారణం ఇంకా బాధ కలిగించేది. తెలుగు నేల మీద గొప్ప ఫుట్‌బాల్ ఉండేది, హైదరాబాద్‌లో. ఎస్.ఎ. రహీమ్ శిక్షణలో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదుసార్లు, అప్పట్లో దేశంలో పెద్ద టోర్నమెంట్లలో ఒకటైన రోవర్స్ కప్ గెలిచింది. రహీమ్ కోచ్‌గా భారత్ 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానంలో నిలిచింది, 1962 జకార్తా ఆసియా క్రీడల్లో స్వర్ణం గెలిచింది. ఆ జట్ల ఆటగాళ్ళ పేర్లు డెల్టాలో ఎంతమందికి తెలుసు? పోలీసు జట్టు, ఆఫీసు జట్టు ఎంత గొప్పగా ఆడినా అది ఉద్యోగుల జట్టు. ఆట తగ్గాక, ఆ పేరుని మోసుకుపోయే సభ్యులు, గ్యాలరీ, తండ్రి తర్వాత కొడుకు కూర్చునే సీటు మిగలవు.

తులసీదాస్ బలరామ్ సంగతి చూస్తే ఇది స్పష్టంగా తెలుస్తుంది. సికింద్రాబాద్‌లో పుట్టినవాడు, 1960 రోమ్ ఒలింపిక్స్‌లో హంగరీ మీద, పెరూ మీద గోల్స్ కొట్టినవాడు. ఈస్ట్ బెంగాల్‌కి ఆడడానికి కలకత్తా వెళ్ళి, ఆట మానేశాక కూడా అక్కడే ఉండిపోయి, 2023 ఫిబ్రవరిలో కన్నుమూశాడు. బలరామ్ గురించి కలకత్తా పాతతరం చెప్పినంత మన తెలుగువాళ్ళు చెప్పలేరు. అక్కడ చెప్పుకోవడానికి క్లబ్ ఉంది.

అదే ఈస్ట్ బెంగాల్‌లో మజీద్ బిష్కర్ కథ కల్ట్ హీరోకి బహుశా మన దేశంలో అందరికంటే మంచి ఉదాహరణ. ఇరాన్ నుంచి అలీగఢ్‌లో చదువుకోవడానికి వచ్చిన కుర్రాడు. 1980లో క్లబ్‌లోంచి పేరున్న ఆటగాళ్ళు చాలామంది వెళ్ళిపోయిన సమయంలో చేరాడు. ఆడింది కొద్ది సీజన్లు. తర్వాత ఆట దెబ్బతింది, మనిషి ఇరాన్ వెళ్ళిపోయాడు, దశాబ్దాలపాటు ఆచూకీ లేదు. 2019 ఆగస్టులో క్లబ్ శతాబ్ది ఉత్సవాలకి మళ్ళీ కలకత్తాలో దిగితే ఎయిర్‌పోర్టులో జనం విరగబడ్డారు. వాళ్ళలో మజీద్ ఆట కళ్ళారా చూడని వయసువాళ్ళు ఎంతోమంది. తండ్రులు, మామయ్యలు చెప్పిన మాటల మీద వచ్చినవాళ్ళు. మజీద్ లేని ఆ ముప్పై పైచిలుకు ఏళ్ళూ అతన్ని ఆడిస్తూ వచ్చింది ఆ చెప్పుకోవడమే.

మనకీ ఒక అవకాశం వచ్చింది. 2019లో హైదరాబాద్ ఎఫ్‌సీ మొదలైంది. దాని సొంత మైదానం గచ్చిబౌలిలో, జి.ఎం.సి. బాలయోగి పేరు మీద ఉన్న స్టేడియం. అమలాపురం ఎంపీగా గెలిచి లోక్‌సభ స్పీకర్ అయిన కోనసీమ మనిషి పేరు కాబట్టి డెల్టావాళ్ళకి అది పరాయి చోటుగా అనిపించే అవసరం కూడా లేదు. 2022 మార్చి 20న ఆ జట్టు ఇండియన్ సూపర్ లీగ్ ఫైనల్ ఆడింది. ఆ సీజన్లో ఒగ్బెచే 18 గోల్స్ కొట్టాడు. జట్టులో స్టార్ అతనే. ఫైనల్లో కేరళ బ్లాస్టర్స్ 68వ నిమిషంలో ముందుకి వెళ్ళింది. 88వ నిమిషంలో సబ్‌స్టిట్యూట్‌గా వచ్చిన సాహిల్ టవోరా, బాక్స్ బయట గాల్లో ఉన్న బంతిని కింద పడనివ్వకుండా వాలీ కొట్టాడు. 1-1. పెనాల్టీ షూటౌట్‌లో హైదరాబాద్ గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడు పెనాల్టీలు ఆపాడు. హైదరాబాద్ చాంపియన్.

కల్ట్ హీరోకి కావాల్సిన సరుకంతా అందులో ఉంది. పెద్ద పేరు లేని ఆటగాడు, ఆఖరి నిమిషాలు, జీవితంలో ఒక్కసారి పడే షాట్. కొరవడింది చూసే జనం. కోవిడ్ వల్ల ఆ సీజన్ మొత్తం గోవాలోనే జరిగింది, లీగ్ మ్యాచ్‌లకి ప్రేక్షకులే లేరు. ఫైనల్‌కి జనాన్ని అనుమతిస్తే స్టేడియం కేరళవాళ్ళ పసుపు జెర్సీలతో నిండిపోయింది. టైటిల్ గెలిచిన సీజన్లో హైదరాబాద్ అభిమాని సొంత మైదానంలో ఒక్క మ్యాచ్ కూడా చూడలేదు. ఆ తర్వాత క్లబ్ ఆర్థికంగా కుదేలైంది, ఆటగాళ్ళు ఒక్కొక్కరే వెళ్ళిపోయారు. 2025లో క్లబ్ ఢిల్లీకి తరలిపోయి పేరు కూడా మార్చుకుంది. టవోరా వాలీ ఇప్పుడు ఎవరిది? ఢిల్లీ జనానికి దానితో సంబంధం లేదు. కేరళవాళ్ళకి అది మర్చిపోవాలనుకునే గోల్. దాన్ని దాచుకోవాల్సిన తెలుగు అభిమానులు ఎక్కడా ఒక చోట కూర్చోవడం లేదు. ఇంత అన్యాయంగా అనాథ అయిన మంచి గోల్ ఇంకోటి మన ఫుట్‌బాల్‌లో దొరకదు.

డెల్టాలో ఫుట్‌బాల్‌ని ఇష్టపడేవాళ్ళు పెద్ద క్లబ్ ఎప్పుడొస్తుందా అని ఎదురుచూస్తే చాలాకాలం పడుతుంది. ఈలోపు నేల సమస్యకి ఒక దారి దానంతట అదే దొరికింది. బాక్స్ క్రికెట్ కోసం పట్టణాల్లో వెలిసిన టర్ఫ్‌లలో రాత్రిపూట లైట్ల కింద అయిదుగురు అయిదుగురుగా ఫుట్‌బాల్ ఆడుతున్నారు. 40 మీటర్లు, 20 మీటర్ల కోర్టుకి ఇరవై సెంట్లు చాలు. వాలీబాల్ కోర్టుకి అయిదింతలు, పూర్తి మైదానంలో దాదాపు తొమ్మిదో వంతు. అయితే గంటకింత అని డబ్బు కట్టి, ఆ పూట వచ్చినవాళ్ళే రెండు జట్లుగా పంచుకుని ఆడితే ఎవరి పేరూ నిలవదు. రేపు జట్టు మారిపోతుంది. వాలీబాల్‌వాళ్ళు ఈ పని ఎప్పుడో సరిగ్గా చేశారు. జట్టుకి ఊరి పేరు పెట్టారు, ఏటా అదే పండక్కి అదే బడి ఆవరణలో ఆడతారు, ఓడిన ఊరు మళ్ళీ ఏడాది దాకా ఆ మాట మోస్తుంది. పాలకొల్లు జట్టు, రావులపాలెం జట్టు, రాజోలు జట్టు అని ఫుట్‌బాల్‌కి కూడా పెట్టి, ఏటా ఒకే తేదీల్లో ఒకే టర్ఫ్ మీద అయిదేళ్ళు వదలకుండా ఆడితే చాలు. ఆఖరి నిమిషంలో గోల్ వదిలేసి ముందుకి పరిగెత్తే కీపర్ ఒకడు వాళ్ళలోంచే వస్తాడు.